ఆకాశమునుండి జనసంఖ్య

తిరునాళ్ల మరునాడు “ఎంతమంది వచ్చిరి?” అని యడిగినచో ఒకరు ఇరువదివేలందురు, మఱియొకరు లక్ష యందురు. నేలపై నిలిచినవానికి తన చుట్టునున్న తలలే కానవచ్చును. కావుననే విమానమునుండియు, నేడు డ్రోనునుండియు ఛాయాచిత్రములు తీసి జనమును అంచనా వేయుచున్నారు. ఆ విధానమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

చిత్రములోని తలలన్నింటిని ఒక్కొక్కటిగా లెక్కింతురని తలపవలదు. దీని మూలసూత్రము ఒక మేడకిటికీయొద్ద పుట్టినది. 1960 దశకమున అమెరికాలోని బర్కిలీలో హెర్బర్టు జేకబ్సు అను ఆచార్యుడు కిటికీనుండి విద్యార్థుల సభలను చూచుచుండెడివాడు. క్రింది నేల గళ్లుగా నుండెను. కొన్ని గళ్లలోని మనుష్యులను లెక్కించి, జనము నిండిన గళ్లసంఖ్యచే హెచ్చించెను. పలుచని గుంపున మనిషికి 10 చదరపుటడుగులు, ఒత్తైన గుంపున 4½ చదరపుటడుగులు పట్టునని తేల్చెను. విమానచిత్రముపై గళ్లు గీసి నేడును ఇట్లే లెక్కింపవచ్చును.

ఎకరమునకు 43,560 చదరపుటడుగులు గదా! ఈ లెక్కన అయిదెకరముల బయలు ఒత్తుగా నిండినను 48,400 మందియే యగుదురు. అచ్చట ఒక్కసారిగా లక్షమంది నిలిచిరనుట నమ్మదగినది కాదు.

ఇందును చిక్కులు కలవు. ఏటవాలుగా తీసిన చిత్రములో నడిమి ఖాళీలు మరుగుపడి జనము దట్టముగా తోచును. నిట్టనిలువుగా తీసినదే మేలు. చెట్లక్రింది వారు కానరారు. చిత్రము ఒక్క క్షణమునకే సాక్షి. ఉదయమే వచ్చి పోయినవారు అందుండరు.

1995 అక్టోబరు 16న వాషింగ్టనులో ఆఫ్రికా సంతతి పురుషుల మహాసభ జరిగెను. ప్రభుత్వోద్యానశాఖవారు 4 లక్షలనిరి. ఆ శాఖ చిత్రములనే పరిశీలించి, బోస్టను విశ్వవిద్యాలయమందలి ఫరూక్ ఎల్‌బాజ్ బృందము 8,37,000 అని, నూటికి 20 వంతులు హెచ్చుతగ్గులుండవచ్చునని చెప్పెను. చిత్రము తనంత తాను లెక్క చెప్పదు, చదువువారే చెప్పుదురు. వివాదము ముదిరి, 1996లో అమెరికా శాసనసభ ఆ శాఖచే జనమును లెక్కింపించుటయే మాన్పించెను.

అయినను ఈ లెక్క గొప్పలకు మాత్రమే కాదు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరముల తొలినాడు, రాజమహేంద్రవరమున తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించిరి. జనమెచ్చట బిగిసికొనుచున్నదో పైనుండి కనిపెట్టి, వేళకు దారి మళ్లింపగలిగినచో ప్రాణములు నిలుచును. పైనుండి చూచు సాధనము లేనియూళ్లలో సైతము పెద్దలు తీర్థము జరుగుచోటు కొలతను, అందు పట్టు జనమును, బయటికి పోవు దారులను ముందుగానే లెక్కవేసి యుంచుట మేలు.