ఇంట్లో తయారైన విమానం – 'ఆకాశపు పేను' కథ

విమానం అనగానే మనకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, కోట్ల రూపాయలు గుర్తుకొస్తాయి. కాని రంపం, సుత్తి పట్టడం వచ్చిన మామూలు మనిషి కూడా ఇంట్లోనే విమానం చేసుకోవచ్చని చెప్పి, చేసి చూపించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే ఫ్రాన్స్ దేశానికి చెందిన ఆన్రీ మిన్యే (1893–1965).

మిన్యే వృత్తిరీత్యా విమాన ఇంజనీరు కాదు. అనేక నమూనాలు చేసి, విఫలమై, చివరకు హెచ్.ఎం.14 అనే నమూనాను 1933 సెప్టెంబరు 10న ఎగరేశారు. దానికి 'పూ ద్యు సియెల్' అని పేరు పెట్టుకున్నారు. అంటే 'ఆకాశపు పేను'. ఇంగ్లీషువారు 'ఫ్లయింగ్ ఫ్లీ' అన్నారు.

దీని నిర్మాణం చాలా సులువు. కర్ర, ప్లైవుడ్, గుడ్డ, 17 హార్స్ పవర్ చిన్న ఇంజను, ఒక్కరు కూర్చునే చోటు. ముందు రెక్క పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 6 మీటర్లు. మామూలు విమానాన్ని చేతులతో, కాళ్ళతో ఒకేసారి నడపాలి. మిన్యేకు అదే కష్టమనిపించింది. అందుకని కాలి పెడళ్ళు తీసేసి, అంతా ఒకే చేతికర్రకు కలిపారు. తోక రెక్కకు బదులు వెనుక మరో పెద్ద రెక్క పెట్టారు. కర్రను వెనక్కి లాగితే ముందు రెక్క వాలు పెరిగి విమానం పైకి లేస్తుంది. పక్కకు జరిపితే చుక్కాని తిరుగుతుంది.

1934లో ఆయన తయారీ విధానమంతా బొమ్మలతో సహా పుస్తకంగా అచ్చు వేశారు. 1935లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో తన విమానంలోనే ఇంగ్లిష్ చానల్ దాటారు. ఫ్లయింగ్ క్లబ్బు ఫీజు కట్టలేని ఎందరో ఆ పుస్తకం చూసి షెడ్లలో, ఇళ్ళలో విమానాలు కట్టడం మొదలుపెట్టారు.

తర్వాత ప్రమాదాలు వరుసగా జరిగాయి. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముక్కు కిందికి దిగిన విమానం మళ్ళీ పైకి లేవడం లేదు. కారణమేమిటి? ఫ్రాన్స్‌లోని షాలే-మ్యుడోన్‌లో, ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో పూర్తి సైజు విమానాన్నే గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు. అప్పుడు అసలు తప్పు తెలిసింది. రెండు రెక్కలూ మరీ దగ్గరగా ఉన్నాయి. కర్రను వెనక్కి లాగితే ముందు రెక్క వెనుక అంచు దిగి, మధ్య సందు ఇరుకవుతుంది. ఆ సందులోంచి గాలి వేగంగా దూసుకుపోయి వెనుక రెక్కను పైకెత్తుతుంది. తోక లేస్తే ముక్కు ఇంకా దిగుతుంది. బయటపడాలని లాగిన కొద్దీ విమానం నేలవైపే పోతుంది! ఏ సందు తమను కాపాడుతుందని మిన్యే నమ్మారో, అదే ప్రాణాల మీదికి తెచ్చింది.

ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టాయి. కాని మిన్యే పని వదిలిపెట్టలేదు. రెక్కల అమరికను సరిదిద్ది కొత్త నమూనాలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా ఔత్సాహికులు ఆయన నమూనాలతో విమానాలు కట్టుకున్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మేము ఇదే హాస్టల్లో చదివి ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ చదివింది మేమే మొదలు. పుస్తకం లేని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి అచ్చయిన అక్షరమంటే మాకు దేవుడి మాటే. పదో తరగతిలో గైడులో ఒక లెక్క జవాబు తప్పు పడితే, మేము చేసిన సరైన జవాబును కొట్టేసి, గైడులోని తప్పునే రాసుకున్నాం. మార్కులు మాత్రమే పోయాయి కాబట్టి సరిపోయింది. మిన్యే పాఠకులకు పోయినవి ప్రాణాలు.

అందుకే మిన్యే నుంచి రెండూ నేర్చుకుందాం. విద్య పెద్దవాళ్ళ సొత్తు కాదు, మనమూ విమానం చేయగలం. అయితే ఎవరు రాసినా, చివరకు మనమే రాసినా, పరీక్షించి చూడనిదే నమ్మకూడదు.