గుండె కండరపు పెంపు

గుండె పెరుగుట యెల్లప్పుడును కీడు కాదు. గర్భవతి గుండె అధిక రక్తమును నడపుటకై కొంత పెరిగి, ప్రసవానంతరము క్రమముగా మునుపటి కొలతకు వచ్చును. రక్తపుపోటు వలన మందమైన గుండె యట్లు తనంతట తగ్గదు. చికిత్సచే పోటును దించవలయును.

పెద్దవారి గుండె కండరమున క్రొత్త కణములు పుట్టుట మిక్కిలి తక్కువ. ఉన్న కణములే లావగును. పని హెచ్చగనే కణము ఆ యొత్తిడిని గుర్తించి తన కేంద్రమునకు వార్త నంపును. అచ్చటి జన్యువులు మేల్కొని మాంసకృత్తులను నేయించును.

ఆ జన్యువునందే లోపమున్నచో? సిరిసిల్ల సాంచాలపై పడుగుపోగు తెగిన బట్టకు చార పడును గదా! గుండె కండరపు మాంసకృత్తు నొకదానిని నేయించు జన్యువులో 25 అక్షరములు లోపించుట గుండెజబ్బునకు హేతువగునని హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ గారును, సహచరులును 2009లో వెల్లడించిరి. భారతఖండమున నూటికి సుమారు 4గురియందు ఇది కలదు. కలవారందరును రోగులు కారు. అపాయము మాత్రము హెచ్చు.

జగిత్యాల, కోరుట్ల గృహిణులకు మా మనవి యిది: వంశమున నెవరైనను చిన్నవయస్సున గుండెజబ్బుతో గతించియున్నచో, మీ ఆయాసమును, కాళ్లవాపును నీరసమని త్రోసివేయక వైద్యునికి తెలుపుడు. ఎకో పరీక్షలో కండరపు మందము తెలియును. ఇంటిల్లిపాదిని కనిపెట్టు మనము మన గుండెను కనిపెట్టుకొనవలదా?