తేలివచ్చు మంచుకొండలు



ముప్పది యేండ్ల క్రిందటి మాట. భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు సెలవు పెట్టగా, తెలుగు పండితుడనైన నేను ఆ తరగతికి పోవలసివచ్చెను. పాఠము సముద్రములో తేలు మంచుకొండలను గూర్చి. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, ఆ మంచు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటుందాండి?" అని యడిగెను. సముద్రము ఉప్పన, మంచు సముద్రములోనిది, కావున మంచును ఉప్పనయే యని తర్కము నడిపి వానిని కూర్చుండబెట్టితిని. ఆ తర్కములో హేతువే తప్పని నాకు బాగుగా తెలిసినది మొన్నటి మే నెలలో. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్లాండు దీవికి, మా చిన్నవాని యింటికి, అప్పుడు పోయియుంటిని.

ఆ దీవి ఉత్తరపుటొడ్డున ట్విల్లింగేట్ అను జాలరుల ఊరు కలదు. వసంతమున మంచుకొండలు దాని ముందరినుండియే దక్షిణమునకు సాగిపోవును. దీపస్తంభము చెంత నిలిచి యొకదానిని చూచితిమి. తెల్లని మేనిపై నీలిచారలు. కదలుచున్నట్లే తోపదు, టీ త్రాగి తలయెత్తుసరికి ఎదుటి రాతిమొనను దాటిపోయినది.

ఇవి గడ్డకట్టిన సముద్రము కావు. గ్రీన్లాండుపై వేల యేండ్లుగా కురిసిన మంచు తన బరువునకు తానే అణగి గట్టిపడి, నదివలె మెల్లగా ఒడ్డునకు జారి, విరిగి నీటబడును. వీనిలో పెక్కింటికి పుట్టినిల్లు ఆ దేశపు పడమటి తీరము. చిత్రమేమన, అవి మొదట ఉత్తరమునకే పోవును. బాఫిన్ అఖాతమును చుట్టి, పిదప లాబ్రడార్ శీతలప్రవాహము వెంట దిగివచ్చును. ఈ యాత్రకు రెండు మూడేండ్లు పట్టుటయు కలదు. అన్ని యేండ్లు ఒక్కరీతిగా నుండవు. 48వ అక్షాంశమును దాటి వచ్చినవి 2009లో వేయికి మించెను, 2010లో ఒక్కటియే.

మంచు సముద్రజలముకంటె కొంచెమే తేలిక. అందుచే పదింట తొమ్మిది పాళ్లు నీటిలోనే యుండును. ఇది ఘనపరిమాణపు లెక్క. పైయెత్తునకు తొమ్మిదింతల లోతని బొమ్మ గీయుట పొరపాటు. నేనును నల్లబల్లపై అట్లే గీసితిని!

మరునాడు పడవ యెక్కితిమి. ఇంకను దగ్గరకు పొమ్మని మావాడు తొందరపెట్టెను. నాకును ఆశగానే యుండెను. పడవవాడు ఒప్పుకొనలేదు. కొండ పొడవంత దూరమో, ఎత్తునకు రెండింతలో, రెంటిలో ఏది యెక్కువైన నంత యెడముగా నుండవలెనట. కొంతసేపటికి తుపాకి ప్రేలినట్లు చప్పుడై యొక ప్రక్క విరిగిపడెను. కొండ యొరిగి, నీటిలోని నున్నని నీలిభాగము పైకి లేచెను. ఆ యల మా పడవను ఊపివేసినది. పడవవాడేమియు ననలేదు. మేమును అనలేదు.

1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి టైటానిక్ ఓడ ఈ త్రోవన వచ్చిన కొండనే తాకినది. పదునైదువందలకు పైగా జనులు మడిసిరి. 1914లో వివిధ రాజ్యములు కలిసి ఏర్పరచిన కావలి నేటికిని ఆ సముద్రమును కనిపెట్టుచున్నది.

తిరిగివచ్చుచు పడవవాడు వలతో ఒక ముక్కను తీసి గ్లాసు నీటిలో వేసి నా కిచ్చెను. అది చిటపటలాడెను. ఎన్నడో మంచులో చిక్కిన గాలి అప్పుడు వెలువడుచున్నదట. ముక్కను పైకి తీసి నోట వేసికొంటిని.

ఆ పిల్లవాడిప్పుడు నడివయస్కుడై యుండును. ఎచ్చటనైన ఈ ప్రసంగము వినుచున్నయెడల: నాయనా, ఉప్పగా లేదు.