హగరి ఇసుక దిబ్బలు

హగరి ఇసుక దిబ్బలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని అనంతపురం జిల్లా పశ్చిమ భాగమున, వేదవతి నది వెంబడి గాలి మేట వేసిన ఇసుకతో ఏర్పడిన భూరూపములు. వేదవతికే దిగువ భాగమున హగరి అని పేరు. సముద్రమునకు ఎంతో దూరమున, దక్కను పీఠభూమి నడుమ, ఎడారిని తలపించు ఈ నేల ఒక ఎండిన నది వలన కలిగినది.

ఉనికి

ఈ దిబ్బలు ముఖ్యముగా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములలో ఉన్నవి. దర్గా హొన్నూరు, గోవిందవాడ గ్రామముల పరిసరములలో ఇవి స్పష్టముగా కానవచ్చును. వీటికి ఆగ్నేయమున బెళుగుప్ప మండలము కలదు. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉండుటచే జిల్లా సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మి.మీ. మాత్రమే.

ఇసుక పుట్టుక

వేద, అవతి అను రెండు ఏరులు కర్ణాటకలోని బాబా బుడన్‌గిరి కొండలలో పుట్టి, కలిసి వేదవతి అగుచున్నవి. ఈ నదీ పరీవాహక ప్రాంతమున గ్రానైటు, నైస్ శిలలు విస్తారముగా ఉన్నవి. ఇవి ఎండకు, వానకు శిథిలమైనపుడు మెత్తని భాగము బంకమట్టిగా మారును. గట్టిదైన క్వార్ట్జ్ ఇసుకరేణువులుగా మిగులును. వరదలు ఈ ఇసుకను తెచ్చి నదీగర్భమున పరచును.

దిబ్బలు ఏర్పడు విధము

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనముల గాలులు బలముగా వీచును. ఆషాఢ గాలులుగా ప్రజలు ఎరిగినవి ఇవే. ఆ సమయమున నది ఎండి ఉన్నచో పొడి ఇసుక కదలును. సన్నని ధూళి ఆకాశమున చాలా దూరము పోవును. మధ్యరకపు రేణువులు నేలపై గెంతుచూ సాగి, పొద, గట్టు, కంచె వంటి అడ్డు తగిలిన చోట కుప్పపడును. ముతక రేణువులు నదిలోనే మిగులును. గాలి వీచు వైపు ఏటవాలుగా, ఆవలి వైపు నిటారుగా ఉండు ఈ కుప్పలు క్రమముగా ముందుకు జరుగును.

నది ఎండుట

హిరియూరు వద్ద 1907లో పూర్తయిన వాణీ విలాస సాగరము, గుమ్మఘట్ట మండలములోని భైరవానితిప్ప జలాశయము ఈ నదిపై ఉన్నవి. వాణీ విలాస సాగరము 1933 తరువాత మరల 2022లో గాని పొంగి పొరలలేదు. ఎగువ నుండి ప్రవాహము అరుదైనపుడు దిగువ నదీగర్భము పొడిగా గాలికి లోబడుచున్నది.

పర్యావరణముపై ప్రభావము

పొలములపై ఇసుక పడినపుడు సారవంతమైన పైమట్టి కప్పబడును. మొలకలు పూడిపోవును, రేణువుల తాకిడికి లేత ఆకులు చిరుగును. దున్నుటకు ముందే ఇసుకను ఎత్తిపోయవలసి వచ్చుట రైతునకు అదనపు భారము. నేలను పట్టి ఉంచు పొదలు, గడ్డి, చెట్లు తగ్గిన కొలది ఇసుక మరింత సులువుగా కదలును.

అయితే ఇదే ఇసుక నదిలో ఉన్నపుడు నీటి నిధి. వరదనీటిని పీల్చుకొని, ఎండకు ఆవిరి కాకుండ కాపాడి, చుట్టుపక్కల బావులకు ఊటనిచ్చును. చెలమలు, ఊటకాలువలు ఈ నీటిపై ఆధారపడినవే. కావున నది ఇసుకను తవ్వి తరలించుట మేటలకు పరిష్కారము కాదు; దాని వలన భూగర్భజలము తగ్గును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము (వాల్టా) ఇసుక తవ్వకముపై ఆంక్షలు విధించినది.

నివారణ మార్గములు

* గాలికి అడ్డముగా సరుగుడు, కానుగ వంటి చెట్ల వరుసలు, కిత్తనార కంచెలు పెంచుట.
* దిబ్బలపై గడ్డిని, పొదలను మేతకు, వంటచెరకుకు పోకుండ కాపాడుట.
* నదీగర్భమున తేమ నిలుపుట. తడి ఇసుక రేణువులు ఒకదానినొకటి అంటుకొని గాలికి లేవవు.

హంద్రీ-నీవా పథకము ద్వారా కృష్ణాజలములు 2012లో బెళుగుప్ప మండలములోని జీడిపల్లి జలాశయమునకు చేరినవి. అక్కడి నుండి భైరవానితిప్పకు నీటిని తరలించు పథకము కూడ తలపెట్టబడినది. నీరు జలాశయము వరకే చేరి, దిగువ నదికి అందనిచో, పంటలకు మేలు కలిగినను ఇసుక కదలిక ఆగదు.

ఇవి కూడా చూడండి

* వేదవతి నది
* బెళుగుప్ప
* ఎడారీకరణ