బాండ్ అడుగుపెట్టని మాంటెనీగ్రో!

జేమ్స్ బాండ్ రైల్లో మాంటెనీగ్రో వెళుతుంటాడు. ఎదురు సీట్లో ఇవా గ్రీన్! 'కాసినో రాయల్' (2006) చూసినవాళ్ళకి ఆ సీను గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ఆ హోటలు, ఆ పేకాట బల్ల, ఆ దీపాలు... వెళితే అలాంటి దేశానికే వెళ్ళాలనిపిస్తుంది.

కానీ అసలు సంగతి వినండి. ఆ యూనిట్ మాంటెనీగ్రోలో ఒక్క షాటు కూడా తియ్యలేదు! తెర మీద మనం చూసింది చెక్ దేశంలోని కార్లొవి వారి అనే ఊరు. ఆ దేశానికి అసలు సముద్రమే లేదు. కాశ్మీరని చెప్పి ఊటీ చూపించడం మనవాళ్ళకే చేతనైన విద్య అనుకునేరు! అన్నట్టు, ఇదే అడ్రియాటిక్ సముద్రంలో క్రొయేషియా వాళ్ళ విస్ దీవి కూడా 'మమ్మా మియా' రెండో భాగంలో (2018) గ్రీకు దీవి వేషం కట్టింది.

సరే, డూప్‌ని చూశాం. మరి అసలు మనిషి ఎలా ఉంటుంది?

అడ్రియాటిక్‌లో తిరిగే విహార నౌకలు చాలావరకు కోటర్ రేవులో ఒక పగలు ఆగుతాయి. పొద్దున్నే దించి, సాయంత్రానికల్లా ఎక్కించేసుకుంటాయి. మహా అయితే ఏడెనిమిది గంటల కాల్షీటు! అందులో మొదటి రీలు ఓడ దిగకముందే మొదలవుతుంది. కాబట్టి ఆ రోజు నిద్రకి ఎగనామం పెట్టి డెక్ మీదికి రండి. ఓడ కొండల మధ్యకి మెల్లగా దూరుతుంది. వెరిగె అనే జలసంధి దగ్గర ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య సుమారు 340 మీటర్లే. అంత పెద్ద ఓడ ఆ సందులోంచి పోతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం.

కోటర్ కోటగోడల ఊరు. 1979 ఏప్రిల్ 15న వచ్చిన భూకంపం దాన్ని చిందరవందర చేసింది. ఆ ఏడాదే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకీ, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకీ కూడా ఎక్కింది. ఆ రెండో జాబితాలోంచి బయటపడేసరికి 2003 అయింది. ఓపికుంటే సుమారు 1,350 మెట్లెక్కి కొండమీది కోట చూడొచ్చు. మంచినీళ్ళ సీసా మర్చిపోకండి. సందుల్లో ఎక్కడ చూసినా పిల్లులే. ఆ ఊరి హీరోలు అవే మరి!

చిక్కల్లా ఓడల జనంతోనే. వేల మంది ఒక్కసారిగా దిగితే ఆ ఇరుకు సందుల్లో మొదటిరోజు మొదటాట క్యూలాగే ఉంటుంది. దగ్గర్లోని డుబ్రోవ్నిక్‌ది ఇంకా కష్టం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తీసింది అక్కడే, షారుఖ్ ఖాన్ 'ఫ్యాన్' (2016) తీసిందీ అక్కడే. చివరికి రోజుకి రెండు ఓడలకి మించి రావద్దని వాళ్ళు హద్దు పెట్టుకోవలసి వచ్చింది. గ్లామర్ ఎక్కువైతే ఊళ్ళకీ తిప్పలే!

అందుకే నన్నడిగితే, కోటర్‌లో రెండు గంటలు చాలు. అక్కణ్ణించి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెరాస్ట్‌కి బస్సో కారో ఎక్కండి.

నీళ్ళ అంచున ఒకే ఒక్క వీధి, రాతి మేడలు... పెరాస్ట్ అంటే ఇంతే. కానీ ఒకప్పుడు రష్యా చక్రవర్తి మహా పీటర్ తన ప్రభువుల బిడ్డల్ని ఓడలు నడపడం నేర్చుకోమని ఈ బుల్లి ఊరికే పంపించాడు. ఎదురుగా రెండు దీవులుంటాయి. ఒకటి దేవుడిచ్చింది. రెండోది మనుషులు చేసుకున్నది! 1452లో అక్కడి బండ మీద మేరీమాత పటం దొరికిందట. అప్పట్నించీ పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచుతూ, రాయి మీద రాయి వేస్తూ దీవిని లేపారు. ఇప్పటికీ ఏటా జూలై 22 సాయంత్రం పడవలు బారు కట్టి వెళ్ళి రాళ్ళు వేసి వస్తాయి. ఊళ్ళోంచి పడవెక్కితే నిమిషాల్లో అక్కడుంటాం.

ఆ గుడి గోడల నిండా వెండి రేకులు. తుఫానుల్లోంచి బతికి బయటపడ్డ నావికులు మొక్కు తీర్చుకున్నవి. ఆ పక్కనే మ్యూజియంలో ఒక కుట్టుపని పటం ఉంది. దాని ముందు మాత్రం తొందరపడకండి. పెరాస్ట్‌కి చెందిన యాసింతా కూనిచ్ అనే ఆమె దాన్ని ఇరవై అయిదేళ్ళపాటు కుట్టిందట. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూస్తూ, పట్టుదారాలతోపాటు తన తలవెంట్రుకల్నే దారం చేసి కుట్టిందట. పటంలో దేవదూతల జుట్టు చూడండి. కొందరికి ముదురు రంగు, కొందరికి తెలుపు. కుడుతూ కుడుతూ ఆమె జుట్టే నెరిసిపోయింది! ఇంత కథని ఇన్నాళ్ళూ ఏ దర్శకుడూ ఎత్తుకుపోకుండా ఎలా ఉన్నాడో నాకైతే అంతుపట్టదు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒడ్డువెంట ఉన్నది సన్నటి రోడ్డు, వేసవిలో కార్లు బారులు తీరతాయి. ఓడ ఎవరికోసమూ ఆగదు. గంట ముందే బయల్దేరి ఎక్కేశాక, కుడివైపు డెక్ మీద చోటు పట్టుకోండి. ఓడ మళ్ళీ పెరాస్ట్ ముందు నుంచే వెళుతుంది, ఆ రెండు దీవులూ ఎండపొడలో కనిపిస్తాయి. మిగతా జనమంతా అప్పటికి భోజనాల హాల్లో ఉంటారు లెండి.