ఇంటి కాగితము గడప దాటకుండ



మన యిండ్లలో నగలకు పెట్టె కలదు, పెట్టెకు తాళము కలదు. కాని నగలకంటె విలువగల కాగితములను మనము చేతిసంచిలో వేసి, పిల్లవాని చేతికిచ్చి, వీధి చివరనున్న జిరాక్సు దుకాణమునకు పంపుచుందుము. ఆధారు కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, పిల్లల మార్కుల పట్టిక, అన్నియు నట్లే పోయి వచ్చుచుండును. ఒకనాడు నేనే యట్టి దుకాణమునకు బోయి నిలిచియుండగా, అచ్చటి కంప్యూటరు తెరమీద మా అత్తగారి ఆధారు కార్డు కనబడెను. రెండు నెలల క్రిందట నకలు తీయించుటకు పంపిన కార్డది! దుకాణదారు దుర్మార్గుడు కాడు. తుడిచివేయుట మఱచెను, అంతియే. అయినను ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

అంతకంటె నన్ను కలచిన సంగతి మఱియొకటి కలదు. అత్తగారివద్ద వారి తల్లిగారు స్వహస్తముతో వ్రాసికొన్న పెండ్లిపాటల పుస్తకము కలదు. నలుగు పాటలు, అలుక పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు కలిసి డెబ్బది పుటలకు పైగా నుండును. సిరా గోధుమవన్నెకు దిరిగినది. అంచులు ముట్టుకొన్నచో రాలుచున్నవి. అత్తగారికి చూపు మందగించి, రెండేండ్లుగా ఆ చిన్న యక్షరములు కనబడుట లేదు. మా ఆడుబిడ్డ కూతురికి వివాహము నిశ్చయమైనది మొదలు, ఆ పాటలు పిల్లకు రావలెనని వారికి తపన. అయినను పుస్తకమును దుకాణమునకు పంపుట కొప్పుకొనరు. "అమ్మాయీ! మా అమ్మ చేతివ్రాత గడప దాటరాదు. దాటినచో తిరిగి వచ్చునది పుస్తకము కాదు, పొడి" అనిరి. వారి మాట నిజమే.

కావున ప్రింటరును స్కానరును ఇంటనే ఏర్పఱచుకొనవలెనని నిశ్చయించితిని. అది నెఱవేఱిన విధమును, నడుమ నేను పడిన చిక్కులను ఇచట వ్రాయుచున్నాను. నేను కళాశాల మెట్లెక్కినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే అమరమును, రఘువంశమును, భారతమున కొన్ని పర్వములను చెప్పిరి. ఆంగ్లమును కూడబలుకుకొని చదువుదును. నాకు సాధ్యమైనది మీకు అసాధ్యము కానేరదు.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ప్రశ్నపత్రములు వ్రాసికొనుటకు కొన్న పాత లాప్‌టాప్ ఒకటి మా యింట కలదు. అందలి విండోస్ 10 అను వ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సంరక్షణ ముగిసినది. తరువాతిదైన విండోస్ 11ను ఆ యంత్రము స్వీకరింపదయ్యెను. "ఇక దీనిని అటకమీద పెట్టవలసినదే" యని మా వారనుచుండగా, బెంగుళూరునుండి వచ్చిన నా తమ్ముడు అందు లినక్స్ మింట్ అను వ్యవస్థను నెలకొల్పి యిచ్చెను. దానికి వెల లేదు. అటకకు బోవలసిన యంత్రము మరల పనికివచ్చినది.

లినక్స్ అనగా కంప్యూటరులోని అంగములన్నిటిని నడపు మూలవ్యవస్థ. దాని బీజమును 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లోకమున కిచ్చెను. అయితే ఇట్టి స్వేచ్ఛా వ్యవస్థ పుట్టుకకు ఒక ప్రింటరు కారణమన్న సంగతి నాకు మిగుల వింత గొలిపినది. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు పనిచేయుచుండెను. అచ్చటి ప్రింటరులో మాటిమాటికి కాగితము ఇరుకుకొని పని నిలిచిపోవుచుండెను. దూరమున కూర్చున్నవారికి ఆ సంగతి తెలియకుండెను. పాత ప్రింటరు విషయమున ఆతడు దానిని నడపు వ్రాతను సవరించి, కాగితము ఇరుకుకొనగానే కబురు వచ్చునట్లు చేసియుండెను. క్రొత్త ప్రింటరునకును అట్లే చేయనెంచి దాని వ్రాతను అడుగగా, అది గలవారు, ఎవరికిని ఈయమని మాట యిచ్చితిమని నిరాకరించిరి. వంటకమును అమ్ముదురు గాని, ఉప్పు తక్కువైనచో కలుపుకొననీయరన్నమాట! యంత్రములను నడపు వ్రాతలు అందఱికిని తెఱచి యుండవలెనను పట్టుదలతో ఆయన 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. నేడు మనము లినక్స్ అని పిలుచునది ఈ రెండు కృషుల కలయిక.

ఇక ప్రింటరు సంగతి. పూర్వము ఒక్కొక్క ప్రింటరు తన సొంతభాష మాటలాడెడిది. ఆ భాషను కంప్యూటరునకు తెలుపుటకు డ్రైవరు అను దుబాసి కావలసియుండెను. తయారు చేయువారు పలువురు విండోస్‌నకు దుబాసి నిచ్చి లినక్స్‌ను మఱచెడివారు. "లినక్స్ కంప్యూటరునకు ప్రింటరు పనిచేయదు" అను అపవాదు అందువలననే పుట్టినది. 2010లో ఆపిల్ వారు ఎయిర్‌ప్రింట్ అను పద్ధతిని వెలువరించిరి. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అను నియమావళి వచ్చినది. వీనివలన ప్రింటర్లు ఒక సమానభాషను అలవఱచుకొన్నవి. లినక్స్‌లో అచ్చుపని చూచునది 1999లో వెలువడిన కప్స్ అను వ్యవస్థ; స్కానరు పని చూచునది సేన్ అను మఱియొకటి. ఇవి రెండును నేడు ఆ సమానభాషను ఎఱుగును. కావున ప్రింటరు కొనునపుడు పెట్టెమీద ఎయిర్‌ప్రింట్ అను మాట యున్నదో లేదో చూచి కొనుడు. ఆపిల్ వారి వస్తువు మన యింట లేకున్నను, ఆ గుర్తున్నది లినక్స్‌తో సాధారణముగా దుబాసి లేకయే మాటలాడును. నేను తెలిసికొన్న మొదటి సూక్ష్మ మిది.

ప్రింటరును వైఫైలో చేర్చుట రెండవ పని. తెర గల ప్రింటరైనచో వైర్‌లెస్ అనుచోట మన యింటి వైఫై పేరు నెన్నుకొని రహస్యపదము వ్రాయవలెను. తెర లేనిదైనచో, రౌటరుమీద డబ్ల్యూపీఎస్ అను మీట యున్నయెడల దానిని నొక్కి, రెండు నిమిషములలోగా ప్రింటరు మీటను నొక్కవలెను. లేదా తయారుచేసినవారి ఫోను యాపుతో చేర్చవచ్చును. చౌకరకములు పెక్కు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైనే గ్రహించును, 5 గిగాహెర్ట్‌జ్‌ది వానికి కనబడదు, ఇదియు జ్ఞాపకముంచుకొనదగినది.

ఇంతవరకు నాకు సులభముగనే జరిగినది. ప్రింటరుమీద నీలిదీపము నిశ్చలముగా వెలిగినది. పిమ్మట లాప్‌టాప్‌లో ప్రింటర్లు అను పుటను తెఱచి, చేర్చుము అను మీట నొక్కగా, ఏమియు కనబడలేదు! మరల మరల నొక్కితిని. ఆర్పి వెలిగించితిని. రెండు దినము లిట్లే గడచినవి. మా వారు, "ఏమోయి, నీ యంత్రమునకు ముహూర్తము కుదిరినట్లు లేదే!" యని నవ్విరి.

మూడవనాడు తొందర మాని, ఆలోచించి చూచితిని. వైఫైలోని ప్రింటరు తన పేరును, తన విద్యలను తానే ప్రకటించుచుండునట. కంప్యూటరు ఆ ప్రకటనను విని జాబితాలో చేర్చునట. రఘువంశమున ఇందుమతీ స్వయంవరమందు రాజులను గూర్చి సునంద చెప్పును. ఇచట ఎవరి బిరుదములను వారే చెప్పుకొందురు, అంతియే భేదము. మఱి నా కంప్యూటరు ఏల వినలేదు? ఇద్దఱును ఒక సభలో లేరేమో యని తోచెను. ప్రింటరునందు తన స్థితిని తానే అచ్చువేసి చూపు పుట యొకటి కలదు. నెట్‌వర్క్ రిపోర్టు అందురు. దానిని వేయించి చదివితిని. వైఫై పేరునకు చివర గెస్ట్ అని యున్నది! తమ్ముడు వచ్చిపోవువారి కొఱకు రౌటరులో వేఱుగా ఏర్పఱచిన వైఫై అది. అందున్నవారు ఇంటిలోని తక్కిన యంత్రములను చూడకుండ రౌటరు అడ్డుగోడ కట్టును. అతిథిని వీధి యరుగుమీద కూర్చుండబెట్టి, వంటయింట వెదకినట్లయినది నా పని. తాళము వేసితిని, గొళ్ళెము మఱచితిని.

మీకును ఇట్టి చిక్కు కలిగినచో గుర్తుపట్టు ఉపాయము చెప్పెదను. రిపోర్టు పుటలో 192.168.1.14 వంటి సంఖ్య యుండును. లాప్‌టాప్ వైఫై వివరములలోను అట్టి సంఖ్యయే యుండును. సామాన్యముగా ఇండ్లలో మొదటి మూడు భాగములు రెండింటను సరిపోలవలెను. నా ప్రింటరున మూడవ భాగము 2, లాప్‌టాప్‌లో 1. ప్రింటరును సరియైన వైఫైలో చేర్చిన నిమిషమునకే దాని పేరు తెరమీద ప్రత్యక్షమైనది. ఒక్కమాఱు నొక్కి చేర్చి, పరీక్షాపుట వేయగా చక్కగా వచ్చినది.

ఐదాఱు దినములైన పిదప మఱియొక చిక్కు. కరెంటు పోయి వచ్చినది మొదలు అచ్చు నిలిచిపోయినది. కారణమేమనగా, మా వారి మిత్రుని సలహాపై నేను పేరుతో చేర్చినదానిని తీసివేసి సంఖ్యతో చేర్చియుంటిని. రౌటరు ఆగి మరల లేచినపుడు ప్రింటరునకు వేఱు సంఖ్య నిచ్చినది. కంప్యూటరు పాత యింటి తలుపే తట్టుచుండెను. సంఖ్యతో చేర్చినదానిని తొలగించి, పేరుతో కనబడినదానినే మరల చేర్చితిని. సంఖ్యయే కావలెనన్నచో రౌటరునందు ఆ ప్రింటరునకు ఒక సంఖ్యను స్థిరముగా కేటాయింపవచ్చును.

స్కానరు ఒకే శరీరమునందున్నను దాని పని వేఱు. అచ్చు కుదిరినంతమాత్రమున స్కానరు కుదిరినదని తలపరాదు. లినక్స్ మింట్‌లో డాక్యుమెంట్ స్కానర్ అను ఉపకరణము కలదు. మొదట అది స్కానరు లేదనెను. ప్రింటరు నిద్రించుచుండగా నే నుపకరణమును తెఱచుటయే దోషము. ప్రింటరును మేలుకొలిపి, ఉపకరణమును మూసి మరల తెఱవగా కనబడినది. అప్పటికిని కనబడనిచో సాఫ్ట్‌వేర్ మేనేజరులో సేన్ ఎయిర్‌స్కాన్ అను భాగమున్నదో లేదో చూచి, లేనిచో చేర్చుకొనవలెను.

ఇక అత్తగారి పుస్తకము. పాత కాగితములను ప్రింటరు పైభాగమున కాగితమును లాగికొను త్రోవలో ఎన్నడును పెట్టరాదు, చీలికలగును. అద్దముమీద పఱచి, మూతను మెల్లగా దింపవలెను; కుట్టును అదిమి నొక్కరాదు. ఉపకరణమునందు అక్షరములు, చిత్రము అని రెండు విధములు కలవు. వ్రాతయే యైనను నేను చిత్రము అనుదానినే యెంచుకొంటిని. వెలిసిన సిరా వన్నె అందే నిలుచును. అంగుళమునకు 300 చుక్కలు చాలినవి. దినమునకు పది పుటల వంతున, మధ్యాహ్నము వంటయిల్లు సర్దిన పిదప కూర్చుండి వారములో ముగించితిని. అత్తగారు ప్రక్కనే కూర్చుండి, ఒక్కొక్క ఆకును తామే తీసి యిచ్చి, తామే మరల పుచ్చుకొనిరి.

ఆ చిన్న పుస్తకపు పుట అచ్చుకాగితములో సగముండును. దానిని ఏ4 కాగితము నిండునట్లు వేయగా ప్రతి యక్షరము పొడవునను వెడల్పునను ఒకటిన్నఱకు కొంచెము తక్కువగా పెరిగినది. అదియు చాలనిచోట పుటను రెండుగా విఱిచి ఇంకను పెద్దదిగా వేసితిని. ఆ కాగితములను అత్తగారి చేతి కిచ్చితిని. వారు కండ్లద్దములు సవరించుకొని కిటికీవద్ద చాలసేపు చూచిరి. "ఇదిగో, మా అమ్మ 'క్ష' ఇట్లే వ్రాసెడిది" యని ఒక యక్షరముపై వ్రేలుంచిరి. పిమ్మట పాట నెత్తుకొనిరి. రెండేండ్ల తరువాత వారు కాగితము చూచి పాడుట అదే మొదలు. ఆ సాయంకాలమే మా ఆడుబిడ్డ కూతురు వచ్చి కూర్చుండి నేర్చుకొన నారంభించినది. పెండ్లినాటికి తొమ్మిది పాటలు వచ్చినవి.

మూలపుస్తకమును నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో నుంచితిమి. స్కాను చేసిన పుటలను లాప్‌టాప్‌లో నొకటి, పెన్‌డ్రైవులో నొకటిగా రెండుచోట్ల భద్రపఱచితిని. ఒక్కచోట నున్నది లేనిదానితో సమానమని తమ్ముని మాట.

సోదరులారా, కుమారులారా యని పిలిచి చేయించుకొను పని కాదిది. యంత్రము మొరాయించినపుడు మూడు ప్రశ్న లడుగుడు: రెండును ఒక వైఫైలో నున్నవా? ప్రింటరు తన పేరు చెప్పుచున్నదా? కంప్యూటరు వినుచున్నదా? ఈ వరుసను తప్పక విచారించినచో చిక్కు ఎచటనున్నదో తెలియును. తెలిసిన చిక్కు సగము విడినట్లే. మీ యింటను పెద్దల చేతివ్రాత యేదైన పెట్టె యడుగున నున్నయెడల, అది పొడి కాకమునుపే వెలికి దీయుడు.