మోకాలి ఆపరేషన్ తరువాత మంచు కాపడం

కీలు మార్పిడి చేయించుకుని అమ్మీజాన్ ఇంటికి వచ్చిన రోజున ఆమె మోకాలు బాగా వాచి ఉంది. మేము ప్రేమతో మోకాలి కింద మెత్తని దిండు పెట్టాము. అది పొరపాటని ఫిజియోథెరపిస్టు చెప్పేవరకు మాకు తెలియదు. అలా ఉంచితే కాలు వంగినట్లే బిగుసుకుపోతుంది. దిండు మడమ కిందనే ఉండాలి.

మంచుగడ్డల సంచికి పొడి తువాలు చుట్టి 15-20 నిమిషాలు మాత్రమే ఉంచాలి. కుట్లు తడవరాదు. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి చర్మం దెబ్బతింటున్నా తెలియదు కనుక మనమే చూస్తూ ఉండాలి. క్రేప్ బ్యాండేజీని కింది నుండి పైకి చుట్టాలి. వేళ్ళు నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. పిక్కలో నొప్పి, వాపు పెరిగితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మంచుతో సరిపెట్టుకోరాదు, అదే రోజు వైద్యుని చూడాలి. ఆయాసం వస్తే క్షణం ఆగరాదు.

నేలపై సజ్దా చేయలేకపోతున్నానని అమ్మీజాన్ దిగులు. ప్రస్తుతం కుర్చీలోనే నమాజు చేస్తున్నారు.